దూలానికి ఎంత వెల్డింగు కావాలి?

వెబ్ అనగానే మనవాళ్ళెవరికైనా బ్రౌజరే గుర్తొస్తుంది. నాకూ అంతే. కొన్నేళ్ళ క్రితం షార్జాలో ఉక్కు నిర్మాణాలు తయారుచేసే ఒక వర్క్‌షాపుకి ప్రోగ్రాం రాసిపెట్టే పని ఒప్పుకున్నాను. మొదటి మీటింగులోనే అక్కడి ఇంజనీరు "వెబ్ మందం ఏ ఫీల్డులో ఉంచుతున్నావు?" అని అడిగాడు. వెబ్‌కి మందమేమిటా అని నేను ఆలోచిస్తుంటే, ఆయన కాగితం మీద పెద్ద ఐ అక్షరం గీసి మధ్యనున్న నిలువు గీతను పెన్సిలుతో తట్టి చూపించాడు. అదీ వెబ్. పైనా కిందా ఉన్న అడ్డగీతలు ఫ్లాంజులు.

నా ప్రోగ్రాం చేయవలసిన పని వినడానికి చాలా చిన్నది. దూలం కొలతలు, దాని మీద పడే బరువు ఇస్తే, వెబ్‌నీ ఫ్లాంజునీ కలిపే వెల్డింగు ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలో చెప్పాలి. ఒక ఫార్ములా, రెండు టేబుళ్ళు. మధ్యాహ్నం భోజనం లోపు అయిపోతుందనుకున్నాను. అది సరిగ్గా పనిచేయడానికి ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో పదకొండు గర్డర్లు తప్పు కొలతతో వెల్డింగు అయిపోయాయి కూడా. ఆ సంగతి చివర్లో చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు కొంచెం ఇంజనీరింగు కావాలి. నేను సివిల్ వాణ్ణి కాను, కంప్యూటర్ సైన్సు చదివినవాణ్ణి. కాబట్టి నాకు ఎలా బోధపడిందో అలాగే చెబుతాను. సివిల్ ఇంజనీర్లు ఎవరైనా చదువుతుంటే కాస్త ఓపిక పట్టండి.

అసలు ఈ అతుకు ఎందుకు?

చిన్న దూలాలకు ఈ గొడవ లేదు. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మెను మిల్లులో రోలర్ల మధ్య నొక్కి, ఒకే ముక్కగా ఐ ఆకారంలో బయటికి తీస్తారు. కానీ మిల్లులో దొరికేవాటి కన్నా ఎత్తైన దూలం కావాలన్నా, వెబ్ సన్నగా ఫ్లాంజు మందంగా మనకు నచ్చిన కొలతల్లో కావాలన్నా, మూడు ప్లేట్లు కోసి అతకడమే దారి. దాన్నే ప్లేట్ గర్డరు అంటారు. వంతెనల కింద, పెద్ద షెడ్లలో క్రేన్ నడిచే దారి కింద మీరు చూసేవి ఎక్కువగా ఇవే.

నిలువు ప్లేటు అడ్డ ప్లేటును తాకే చోట రెండు మూలలు ఏర్పడతాయి, ఇటొకటి అటొకటి. ఊళ్ళో డాబా మీద పిట్టగోడ మొదట్లో వాన నీరు దిగకుండా మేస్త్రీ ఏటవాలుగా సిమెంటు మెత్తుతాడు చూడండి, అదే పద్ధతిలో ఆ మూలలో కరిగిన లోహాన్ని ముక్కోణంగా నింపుతారు. ఇదే ఫిల్లెట్ వెల్డు. పై ఫ్లాంజుకి రెండు, కింది ఫ్లాంజుకి రెండు, మొత్తం నాలుగు గీతలు, దూలం పొడవునా.

ఈ ముక్కోణానికి రెండు కొలతలున్నాయి. ప్లేటును ఆనుకుని ఉండే భుజం పొడవు ఒకటి, దాన్ని లెగ్ అంటారు. లోపలి మూల నుంచి ఏటవాలు ముఖానికి అతి దగ్గరి దూరం రెండోది, దాన్ని థ్రోట్ అంటారు. భుజాలు రెండూ సమానమైతే థ్రోట్ అనేది లెగ్‌లో 0.707 వంతు, మన స్కూలు పైథాగరస్సే. వెల్డు చిరిగితే సాధారణంగా ఆ సన్నటి చోటే చిరుగుతుంది. అందుకే బలం లెక్కలన్నీ థ్రోట్ మీద వేస్తారు. కొలిచి చూడటానికి తేలికైనది మాత్రం లెగ్. ఒకే వస్తువుకి రెండు కొలతలు, లెక్కకు ఒకటి, కొలతబద్దకు ఒకటి. మన భాషలో చెప్పాలంటే ఇదొక బగ్, పుట్టడానికి చోటు వెతుక్కుంటోందన్నమాట. ప్రస్తుతానికి గుర్తుంచుకోండి.

ఫ్లాంజుని ఎవరు లాగుతున్నారు?

ఒక పేకదస్తా తీసుకుని రెండు చివర్లా పట్టుకుని వంచండి. చివర ముక్కలు మెట్లు మెట్లుగా జరుగుతాయి. ప్రతి ముక్కా తన పక్క ముక్క మీద జారింది. అదే దస్తాను జిగురు పెట్టి అతికేస్తే అట్టముక్కలా బిగుసుకుపోయి వంగదు. లెక్కగా చెప్పాలంటే, ఒకే మందం ఉన్న రెండు చెక్కలు ఒకదాని మీద ఒకటి ఊరికే పెడితే ఉండే బిగువు కన్నా, జారకుండా అతికితే వచ్చే బిగువు నాలుగు రెట్లు. జిగురు చేసిన పనల్లా జారుడును ఆపడమే. మన దూలంలో ఆ జిగురు పని వెల్డింగుది.

ఇంకొక విధంగా చూద్దాం, నాకు అసలు వెలుగు వచ్చింది ఇక్కడే. మన ఉదాహరణ దూలం ఇది: వెబ్ 1000 మి.మీ. ఎత్తు, 10 మి.మీ. మందం. ఫ్లాంజులు ఒక్కొక్కటి 300 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. మందం. 10 మీటర్ల పొడవు, రెండు చివర్లా ఊరికే ఆని ఉంది, మీద సమంగా పరిచిన బరువు. చివర ఆధారం దగ్గర షియర్ 600 కిలోన్యూటన్లు, అంటే సుమారు 61 టన్నులు. దీనివల్ల మధ్యలో కింది ఫ్లాంజులో పుట్టే లాగుడు లెక్కవేస్తే దాదాపు 1160 కిలోన్యూటన్లు, 118 టన్నుల చిల్లర. మరి ఆ ఫ్లాంజు చివర్లో? సున్నా. దాని కొసన పట్టుకుని లాగేవాడెవడూ లేడు. చివర సున్నా, అయిదు మీటర్లు లోపలికి వెళ్ళేసరికి 118 టన్నులు. ఈ 118 టన్నులూ ఫ్లాంజులోకి ఎలా వచ్చాయి? రావడానికి ఒక్కటే దారి, వెల్డింగు. మిల్లీమీటరు మిల్లీమీటరుకీ కొంచెం కొంచెంగా వెబ్ నుంచి ఆ సన్నటి గీతల గుండా లోపలికి ప్రవహించింది. దీన్ని ఇంజనీర్లు షియర్ ఫ్లో అంటారు. పేరు బాగా పెట్టారు.

ఇందులో ఒక తమాషా ఉంది. బరువు సమంగా ఉన్న దూలంలో ఫ్లాంజు బాగా కష్టపడేది మధ్యలో. కానీ వెల్డింగు బాగా కష్టపడేది చివర్లలో, సరిగ్గా మధ్యలో దానికి పనే లేదు. "మధ్యలోనే కదా విరిగేది, అక్కడ వెల్డింగు లావుగా వేయండి" అని నేను మొదట్లో సలహా ఇచ్చాను. ఎవరూ నవ్వలేదు, అది వాళ్ళ మంచితనం.

ఫార్ములా, నా మొదటి తప్పు

ఈ ప్రవాహానికి లెక్క కట్టింది జురావ్‌స్కీ అనే రష్యన్ ఇంజనీరు. 1840ల్లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి మాస్కోకి రైలు దారి వేసేటప్పుడు చెక్క వంతెనల పని చూశాడాయన. చెక్కకి నార దిశలో జారే గుణం ఎక్కువ కాబట్టి, ఇనుము వాడేవాళ్ళకు కనపడని విషయం ఆయనకు కళ్ళెదుటే కనపడింది. ఫార్ములా చిన్నదే. మిల్లీమీటరుకి ప్రవహించే బలం కావాలంటే షియర్‌ని క్యూతో గుణించి ఐతో భాగించాలి. ఐ అంటే మొత్తం సెక్షను ఇనర్షియా. క్యూ అంటే, అతుకుకి అవతల ఉన్న భాగం వైశాల్యాన్ని, దాని కేంద్రానికీ దూలం నడిమికీ ఉన్న దూరంతో గుణించగా వచ్చేది.

మన దూలానికి క్యూ: 300 ఇంటూ 20 ఇంటూ 510, అంటే 30.6 లక్షల ఘన మిల్లీమీటర్లు. ఐ సుమారు 395.5 కోట్లు, మిల్లీమీటర్ల నాలుగో ఘాతంలో. ఫలితం మిల్లీమీటరుకి 464 న్యూటన్లు. రెండు వెల్డులు పంచుకుంటాయి కాబట్టి ఒక్కొక్కదానికి 232.

నేను రాసిన మొదటి వెర్షన్ 464కి బదులు 654 చెప్పింది. కారణం, "అతుకుకి అవతల ఉన్న భాగం" అన్న మాటను నేను పట్టించుకోలేదు. దూలం పై సగం మొత్తానికి, అంటే ఫ్లాంజుతో పాటు సగం వెబ్‌కి కూడా క్యూ లెక్కవేశాను. అది దూలం నడిమిలో ఉండే ప్రవాహం, వెల్డు దగ్గరది కాదు. ఇంజనీరు నా కోడ్ చూడనే లేదు. స్క్రీను మీద అంకె చూసి "ఇది తప్పు" అనేశాడు. ఎలాగన్నా అంటే, ఆయన చెప్పిన కిటుకు ఇది. వెబ్ వంపును అసలు మోయదనీ, అంతా ఫ్లాంజులే మోస్తున్నాయనీ అనుకుందాం. అప్పుడు ప్రవాహం అంటే షియర్‌ని రెండు ఫ్లాంజుల నడిమి దూరంతో భాగించడమే: 600000 బై 1020, అంటే 588. నిజానికి వెబ్ కూడా కొంత మోస్తుంది కాబట్టి అసలు జవాబు 588 కన్నా తక్కువే ఉండాలి. 654 రావడానికి వీల్లేదు. ఆ రోజు నుంచి నా ప్రోగ్రాంలో ఆ పోలిక ఒక అసర్ట్‌గా ఉండిపోయింది. యూనిట్ టెస్టులు ఇరవై రాసి ఉన్నాను అప్పటికే. అన్నీ పాసయ్యాయి, ఎందుకంటే టెస్టుల్లో అంకెలు కూడా నేనే అదే తప్పుతో లెక్కవేశాను.

జవాబు 1.75 మిల్లీమీటర్లు!

ఇప్పుడు వెల్డు ఎంత మోయగలదో చూద్దాం. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 800, 2007 సంచిక ప్రకారం మామూలు ఇ250 ఉక్కుకి, వర్క్‌షాపులో వేసిన వెల్డుకి, థ్రోట్ మీద చదరపు మిల్లీమీటరుకి 189 న్యూటన్లు తీసుకోవచ్చు. 410ని రూట్ మూడుతో, మళ్ళీ 1.25తో భాగిస్తే వచ్చేది అదే. థ్రోట్‌ని లెగ్‌లో 0.7 వంతుగా తీసుకుంటే, లెగ్ ప్రతి మిల్లీమీటరుకీ 132.6 న్యూటన్ల బలం. మనకు కావలసింది 232. భాగిస్తే లెగ్ 1.75 మి.మీ.

మీటరు ఎత్తున్న దూలం, 120 టన్నుల బరువు మోసేది, దాని అతుకు రెండు మిల్లీమీటర్లు కూడా అక్కర్లేదట! నా ప్రోగ్రాంలో మళ్ళీ ఎక్కడో తప్పుందని రెండు రోజులు వెతికాను. తప్పు లేదు. దూలం పొడవునా అతుకు ఉంది కాబట్టి పని అంత పొడవునా పంచుకుపోతుంది, అంతే.

కానీ అలా 1.75 వేయకూడదు. ఇక్కడ ఫార్ములా పని అయిపోయి టేబుల్ పని మొదలవుతుంది. నా ఉద్దేశంలో ఈ విషయం మొత్తానికి గుండెకాయ ఆ టేబులే.

ఐఎస్ 800లో ఆ టేబుల్ చెప్పేది: కలిపే ప్లేట్లలో మందమైనది 10 మి.మీ. వరకు ఉంటే వెల్డు కనీసం 3 మి.మీ., 10 నుంచి 20 వరకు 5, 20 నుంచి 32 వరకు 6. ఆ పైన 50 వరకు మొదటి పాసు 8 వేసి మొత్తం 10 చేయాలి. ఇందులో బరువు మాటే లేదు చూడండి. దూలం మీద ఈగ వాలినా, ఏనుగు ఎక్కినా ఇదే కనీసం.

కారణం బలం కాదు, వేడి. మందమైన ఉక్కు ప్లేటు పెద్ద చల్లటి బండ లాంటిది. దాని మీద పిసరంత కరిగిన లోహం పెడితే ఆ వేడిని క్షణాల్లో పీల్చేస్తుంది. కమ్మరి ఎర్రగా కాల్చిన కొడవలిని నీళ్ళలో ముంచితే ఏమవుతుందో అదే జరుగుతుంది. వెల్డు పక్కనున్న ఉక్కు గట్టిపడి పెళుసవుతుంది. కొడవలికి అది కావాలి, దూలానికి కాదు. దీనికి తోడు, వెల్డింగు రాడ్డు పూతలో తేమ ఉంటే ఆ మంటలో నీరు విడిపోయి హైడ్రోజన్ లోహంలోకి దూరుతుంది. పెళుసు ఉక్కు, హైడ్రోజన్, చల్లారుతూ ముడుచుకుపోయే లాగుడు, ఈ మూడూ కలిస్తే పగులు వస్తుంది. అది కూడా వెంటనే రాదు. ఒక్కోసారి ఒకటి రెండు రోజుల తర్వాత వస్తుంది. వెల్డరు పని ముగించి, ఇన్‌స్పెక్టరు చూసి సంతకం పెట్టాక. సముద్రం పక్కనుండే గల్ఫ్ ఊళ్ళలో వేసవి రాత్రి గాలి ఎంత తేమగా ఉంటుందో ఇక్కడున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అందుకే తక్కువ హైడ్రోజన్ రాడ్లను 120 డిగ్రీల పైన ఉండే ఓవెన్లలో దాచి, కావలసినన్ని మాత్రమే బయటికి తీస్తారు. వెల్డు కాస్త లావుగా వేస్తే దానితో వెళ్ళే వేడి ఎక్కువ, చల్లారడం నెమ్మది. టేబుల్‌లోని కనీసానికి అసలు అర్థం అది.

ఇది పుస్తకాల భయం కాదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలో కింగ్స్ బ్రిడ్జ్ అని ఒక వంతెన ఉంది. వెల్డు చేసిన ప్లేట్ గర్డర్లతో కట్టి 1961లో ప్రారంభించారు. 1962 జులై 10న, అక్కడ చలికాలం, 45 టన్నుల బండి వెళుతుంటే గర్డర్లు పగిలి వంతెనలో ఒక భాగం కుంగిపోయింది. కింద గోడలు ఆపడంతో ప్రాణనష్టం జరగలేదు. పగుళ్ళు మొదలైన చోటు కింది ఫ్లాంజుకి అదనపు ప్లేటు అతికి, దాని చివర అడ్డంగా వేసిన చిన్న ఫిల్లెట్ వెల్డు. అంటే మనం మాట్లాడుకుంటున్న పొడవాటి అతుకు కాదు, కానీ జబ్బు అదే. కొన్ని పగుళ్ళు వంతెన ఎక్కకముందే, వర్క్‌షాపులోనే ఏర్పడి ఉన్నాయని విచారణలో తేలింది. బలం లెక్క చూస్తే ఆ చిన్న వెల్డుకి పెద్ద పనేమీ లేదు.

మాక్స్ పోయి మిన్ వచ్చింది

మా వర్క్‌షాపుకి కొన్ని పనులు అమెరికన్ ప్రమాణం ప్రకారం, కొన్ని యూరోపియన్ ప్రమాణం ప్రకారం వస్తాయి. గల్ఫ్‌లో ఇది మామూలే. కాబట్టి టేబుల్ ఒకటి కాదు. అమెరికా ఉక్కు నిర్మాణ సంస్థ ఎఐఎస్‌సి టేబుల్ మిల్లీమీటర్లలో ఇలా ఉంటుంది: ప్లేటు 6 వరకు అయితే 3, 13 వరకు 5, 19 వరకు 6, ఆ పైన 8. ఏ ప్లేటు? 1999 సంచిక వరకు మందమైనది. 2005 సంచిక నుంచి సన్నది.

ప్రోగ్రాంలో ఇది ఒక్క పదం మార్పు. మాక్స్ ఉన్నచోట మిన్. మన దూలానికి దాని ప్రభావం చూడండి. మందమైన ప్లేటు 20, కాబట్టి పాత లెక్కలో 8 మి.మీ. వెల్డు. సన్న ప్లేటు 10, కాబట్టి కొత్త లెక్కలో 5. ముక్కోణం వైశాల్యం భుజం వర్గంతో పెరుగుతుంది కదా, 64ని 25తో భాగిస్తే 2.56. నింపవలసిన లోహం రెండున్నర రెట్లు. మన పది మీటర్ల గర్డరులో నాలుగు గీతలు కలిపి 40 మీటర్ల వెల్డింగు. 5 మి.మీ. అయితే సుమారు 3.9 కిలోల లోహం, 8 అయితే 10 కిలోలు. లోహం ఖరీదు కన్నా అది నింపే సమయం ఖరీదెక్కువ.

ఎందుకు మార్చారంటే, తక్కువ హైడ్రోజన్ పద్ధతులు మామూలైపోయాయి కాబట్టి. అమెరికా వెల్డింగు సంఘం డి1.1 నిబంధనల్లో ఈ తేడా విడమరచి ఉంటుంది. ముందుగా వేడి చేయకుండా, తక్కువ హైడ్రోజన్ కాని పద్ధతిలో వేస్తే మందమైన ప్లేటునే చూడాలి. ఐఎస్ 800 మాత్రం మందమైనదాన్నే పట్టుకుంది. నాకైతే రెండూ సబబే అనిపిస్తుంది. రాడ్లు ఓవెన్లో పెట్టే నమ్మకం ఉన్నచోట ఒకటి, లేనిచోట ఒకటి. కానీ ప్రోగ్రాం రాసేవాడు "సంచిక ఏది?" అనే ప్రశ్న అడగకపోతే రెండింట్లో ఒకచోట తప్పు చెబుతాడు.

సరే, ఎక్కువ వేస్తే నష్టమేముంది, భద్రతే కదా అని మీలో కొందరైనా అనుకుంటూ ఉండాలి. నేనూ అనుకున్నాను. మొదటి నష్టం, వంకర. వెల్డు చల్లారుతూ ముడుచుకుంటుంది, ఫ్లాంజు రెండు అంచులూ గొడుగులా వెబ్ వైపు వాలిపోతాయి. తర్వాత దాన్ని సరిచేయడానికి మళ్ళీ వేడి, మళ్ళీ ప్రెస్సు. రెండో విషయం, చేత్తో ఒక్క పాసులో వేయగలిగేది సుమారు 8 మి.మీ. వరకే. అది దాటితే రెండు మూడు పాసులు, మధ్యలో శుభ్రం చేయడాలు, లోపాలకు కొత్త అవకాశాలు. మూడోది నాకు బాగా నచ్చింది. 10 మి.మీ. వెబ్ స్వయంగా ఎంత షియర్ మోయగలదు? 250ని రూట్ మూడుతో, 1.1తో భాగించి 10తో గుణిస్తే మిల్లీమీటరుకి 1312 న్యూటన్లు. రెండు పక్కలా 5 మి.మీ. వెల్డులు? 1326. అంటే వెబ్ మందంలో సగం లెగ్ ఉన్న వెల్డులు రెండు వేస్తే వెబ్ మొత్తం బలంతో సమానం. అంతకు మించి వేసినా వెబ్ ముందు లొంగిపోతుంది. అక్కడి నుంచి పోసే ప్రతి గ్రామూ దండగ.

మన దూలానికి కనీసమూ 5, ఉపయోగపడే గరిష్ఠమూ 5. ఇది కాకతాళీయమే, అన్ని కొలతలకూ ఇలా కలవదు. క్రేన్ గర్డర్ల సంగతి కూడా వేరు. చక్రం బరువు పై ఫ్లాంజు మీద నుంచి నిలువుగా వెల్డులోకి దిగుతుంది. ఒక చక్రం 150 కిలోన్యూటన్లు, అది 200 మి.మీ. పొడవున పరుచుకుంటే ఒక్కో వెల్డుకి 375. పాత 232తో లంబంగా కలిపితే 441, కావలసిన లెగ్ 3.3 మి.మీ. ఇదీ పెద్ద అంకె కాదు. కానీ రోజుకి కొన్ని వందలసార్లు, ఏళ్ళ తరబడి వచ్చి పోయే బరువు అలసట పుట్టిస్తుంది. అందుకే బరువైన క్రేన్లకు పై ఫ్లాంజు దగ్గర ఫిల్లెట్ మానేసి, వెబ్ అంచు చెక్కి మందమంతా లోహం నింపుతారు.

ఏది అయిదు?

ఇక ఆ పదకొండు గర్డర్ల సంగతి. మా ప్రోగ్రాం రెండో పని, బయటి డిజైన్ ఆఫీసుల నుంచి వచ్చే వెల్డు జాబితాలను దిగుమతి చేసుకుని, వెల్డర్లకు పని చీటీలు అచ్చువేయడం. నేను వెల్డు సైజు కాలమ్‌ను అంకె రకంగా పెట్టాను. ఎవరైనా అలాగే పెడతారు. ఫైలులో అంకె కానిది ఏదొచ్చినా శుభ్రం చేసే చిన్న ఫంక్షను కూడా రాశాను, దాని మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఒక యూరోపియన్ ఆఫీసు నుంచి వచ్చిన జాబితాలో సైజు "ఎ5" అని ఉంది. నా ఫంక్షను ఎ తీసేసి 5 ఉంచింది. చీటీల మీద 5 అచ్చయింది.

అక్కడి వెల్డింగు ఫోర్‌మన్ గారు మన తెలుగాయనే, విశాఖలో ఓడల పని చేసి వచ్చిన మనిషి. పదకొండో గర్డరు అయ్యాక ఒక సాయంత్రం డ్రాయింగూ, నా చీటీ రెండూ పట్టుకుని వచ్చారు.

"బాబూ, ఈ బొమ్మలో అయిదుకి ముందు ఎ ఉంది. మీ చీటీలో లేదేమిటి?"

"అది వాళ్ళ రాత పద్ధతి అండీ. అంకె అయిదే కదా" అన్నాను.

"అయిదే. ఏది అయిదు?" అన్నారాయన.

జేబులోంచి అరచేతిలో పట్టేంత రేకు గేజీ తీసి, ఒక అంచు వెల్డు భుజానికి ఆనించి చూపించారు. తిప్పి ఇంకో అంచు మధ్యలో ఆనించి చూపించారు. మొదటిది లెగ్, రెండోది థ్రోట్. నేను ఫార్ములాలో వందసార్లు 0.7 రాసి ఉంటాను. ఆ గేజీ చూసేదాకా ఆ రెండూ చేత్తో తాకగలిగే రెండు వేరు వేరు దూరాలని నాకు తట్టలేదు.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2553 ప్రకారం మిల్లీమీటర్ల అంకె ముందు ఎ ఉంటే అది థ్రోట్, జెడ్ ఉంటే లెగ్. యూరప్‌లో చాలాచోట్ల థ్రోట్ రాసే అలవాటు. అమెరికాలోనూ, మన దేశంలోనూ లెగ్ రాస్తారు. ఎ5 అంటే లెగ్ 7 కావాలి. మేము లెగ్ 5 వేశాం, అంటే థ్రోట్ 3.5. ప్రతి వెల్డులోనూ 30 శాతం బలం నా శుభ్రం చేసే ఫంక్షను ఊడ్చేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా? మర్నాడు డిజైన్ ఆఫీసుకి విషయం రాసి, వాళ్ళ చేత పదకొండింటికీ మళ్ళీ లెక్కలు వేయించారు. తొమ్మిది మామూలు అంతస్తు గర్డర్లు. వాటికి బలం పరంగా కావలసింది రెండు మిల్లీమీటర్ల లోపే, 2005 నాటి యూరోకోడ్ 3 అడిగే కనీస థ్రోట్ 3 మి.మీ. కూడా దాటాయి. వాటిని అలాగే ఒప్పుకున్నారు. మిగిలిన రెండూ క్రేన్ గర్డర్లు, వాటిలో ఎ7 అని ఉన్నచోట మేము లెగ్ 7 వేశాం, కావలసింది 10. వాటిని గ్రైండు చేసి, ముందుగా వేడి చేసి, పైన ఇంకో రెండు పాసులు వేశారు. నాలుగు రోజుల పని.

నిజం చెప్పాలంటే నన్ను కాపాడింది నా తెలివి కాదు, ఈ అతుకు స్వభావం. పొడవునా పని పంచుకుపోయే వెల్డు కాబట్టి 30 శాతం పోయినా తట్టుకుంది. అదే తప్పు దూలం చివర స్తంభానికి అతికే బ్రాకెట్ దగ్గర జరిగి ఉంటే? అక్కడ జానెడు వెల్డు మొత్తం బరువు మోస్తుంది. డిజైనరు ఆ వెల్డు లెక్కకి సరిగ్గా సరిపోయేంతే వేయిస్తాడు. నా ఫంక్షనుకి ఆ రెంటికీ తేడా తెలియదు, రెండు చోట్లా ఒకేలా ఎ తీసేసేది. అదే జాబితాలో బ్రాకెట్లు 38 ఉన్నాయి. వాటి పని ఇంకా మొదలు కాలేదు.

ఇప్పుడు ఆ టేబుల్‌లో వెల్డుకి మూడు గడులున్నాయి: అంకె, అది లెగ్గా థ్రోటా, ఏ ప్రమాణం ఏ సంచిక. మూడింట్లో ఏది ఖాళీగా ఉన్నా చీటీ అచ్చవదు. చీటీ మీద రెండు కొలతలూ పక్కపక్కనే వస్తాయి, ఎందుకంటే ఫోర్‌మన్ గారి గేజీకి రెండు అంచులున్నాయి. దిగుమతి చేసేటప్పుడు శుభ్రం చేసే ఫంక్షనుని పూర్తిగా తీసేశాను. దానివల్ల వారానికి రెండు మూడు ఫైళ్ళు ఆగిపోతుంటాయి, డిజైన్ ఆఫీసులకు ఫోన్లు చేయాల్సి వస్తుంది, మేనేజరు విసుక్కుంటాడు. కిందటి నెల ఆగిన ఒక ఫైలులో 6 అని మాత్రమే ఉంది, ముందు ఏ అక్షరమూ లేదు. ఫోను చేసి అడిగితే అవతలి కుర్రాడు "లెగ్ అనుకుంటా, కనుక్కుని చెబుతా" అన్నాడు. గంట తర్వాత మెయిలు వచ్చింది. థ్రోటట.